గేరు గర్రుమంటే ముందు చూడాల్సింది క్లచ్‌నే

అందరికీ నమస్కారం. ముందు వరుసల్లో కూర్చున్న డ్రైవర్ అన్నలకు, వెనక నిలబడ్డ ఐటీఐ తమ్ముళ్లకు, షెడ్డు మూసుకుని మరీ వచ్చిన తోటి మెకానిక్‌లకు. విజయవాడ ఆటోనగర్‌లో గేర్ బాక్సుల పని మొదలుపెట్టి నాకు ముప్పై ఏళ్లు దాటింది. ఇంజిన్ పని కూడా కొంత చేశాను గానీ, నాకు అన్నం పెట్టింది గేర్ బాక్సే. ఈ పూట ఒక్క శబ్దం గురించే మాట్లాడతాను. గేరు వేయబోతే గర్రుమని వచ్చే శబ్దం. లారీ తోలేవాళ్లకు అది వింటే పళ్లు జివ్వుమంటాయి. ఓనర్లకైతే ఆ నెల కిస్తీ గుర్తొస్తుంది.

ముందు ఒక బండి సంగతి చెబుతాను. కొన్నేళ్ల క్రితం పది టైర్ల టిప్పర్ ఒకటి మా షెడ్డుకి వచ్చింది. కంకర తోలే బండి. అప్పటికే వేరే చోట గేర్ బాక్సు రెండుసార్లు దించారు. రెండుసార్లూ గేరు మెత్తగా పడటానికి లోపల ఉండే ఇత్తడి రింగులు మార్చారు. మార్చిన కొత్తలో కొన్నాళ్లు బాగుంటుంది, మళ్లీ గర్రుమంటుంది. రివర్స్ అయితే మొదటి రోజు నుంచీ గర్రుమంటూనే ఉంది. ఓనర్ బండి తోలే కుర్రాడినే తిడుతున్నాడు, నీకు గేరు వేయడం రాదని. కుర్రాడి కళ్లలో నీళ్లు ఒక్కటే తక్కువ. "బాబాయ్, నేను ఇంతకుముందు మూడు బండ్లు తోలాను, ఏ బండీ ఇలా చేయలేదు" అన్నాడు.

నేను క్యాబిన్ ఎక్కి డ్రైవర్ సీట్లో కూర్చున్నాను. క్లచ్ తొక్కాను. కాలు కింద ఏదో మెత్తగా తగిలింది. వంగి చూస్తే రబ్బరు మ్యాట్, దాని మీద నాలుగు మడతలు వేసిన గోనెసంచి. ఎండాకాలం, ఇంజిన్ వేడికి క్యాబిన్ నేల కాలిపోతుంటే కాళ్లకు పెట్టుకున్నాడు. ఆ సంచి మందం రెండు వేళ్లు. పెడల్ ఆ రెండు వేళ్ల మేర కిందికి దిగడం లేదు. సంచి తీసి బయట పెట్టి, మళ్లీ క్లచ్ తొక్కి రివర్స్ వేశాను. కొంచెం గొణిగి పడింది. కింద బూస్టర్ దగ్గర, అంటే పెడల్ ఒత్తిడికి గాలి బలం కలిపి క్లచ్‌ను విడదీసే సిలిండర్ దగ్గర, లైన్లో చేరిన ఎయిర్ తీస్తే ఆ గొణుగుడు కూడా పోయింది. స్పానరు పట్టింది ఎయిర్ వదిలే ఒక్క బ్లీడ్ స్క్రూకి. అంతే. పాపం, ఆ రింగులు ఏ తప్పూ చేయకుండా రెండుసార్లు అరిగిపోయాయి.

శబ్దం వచ్చేది గేర్ బాక్సులో. జబ్బు మాత్రం చాలాసార్లు ఇంజిన్‌నీ గేర్ బాక్సునీ కలిపి విడదీసే క్లచ్‌లో ఉంటుంది. గేర్ బాక్సు దించితే ఒక రోజు పని, ఒక రోజు కిరాయి పోతుంది, వేలల్లో ఖర్చు. దించకముందు చేసే పరీక్షకి అరగంట చాలు. ఆ అరగంట ఎవరూ ఎగ్గొట్టకూడదని నా పట్టుదల.

అసలు ఆ శబ్దం ఎందుకు వస్తుందో చూద్దాం. మన లారీ గేర్ బాక్సుల్లో ముందుకు పోయే గేర్లన్నీ ఎప్పుడూ ఒకదాంట్లో ఒకటి దూరి తిరుగుతూనే ఉంటాయి. మనం లివర్ తోస్తే గేర్లు కదలవు. టైర్ల వైపు పోయే మెయిన్ షాఫ్టు మీద ఉన్న స్లీవ్ అనే కడియం జరిగి, ఆ గేరు పక్కనున్న చిన్న పళ్లను పట్టుకుంటుంది. డాగ్ పళ్లు అంటాం వాటిని. స్లీవ్ వేగం టైర్ల వేగాన్ని బట్టి ఉంటుంది, గేరు వేగం ఇంజిన్ వైపు షాఫ్టు వేగాన్ని బట్టి ఉంటుంది. రెండు వేగాలూ ఒకటైతే చప్పుడు లేకుండా దూరుతుంది. తేడా ఉంటే పన్ను పన్నుకి కొట్టుకుంటుంది. మీరు వినేది ఆ కొట్టుకోవడమే. ఒక సెకనులో ఎన్నో దెబ్బలు పడతాయి గనక మన చెవికి గర్రుమని ఒకే శబ్దంలా వినిపిస్తుంది.

ఎంత తేడా ఉంటుందో లెక్క వేసి చెబుతాను, తమ్ముళ్లు రాసుకోండి. ఒక బండికి ఐదో గేరు నిష్పత్తి 1.4, ఆరో గేరు 1 అనుకుందాం. అంటే ఐదో గేర్లో ఇంజిన్ వైపు షాఫ్టు 1.4 చుట్లు తిరిగితే టైర్ల వైపు షాఫ్టు ఒక చుట్టు తిరుగుతుంది. ఇంజిన్ 2000 ఆర్‌పీఎం మీద ఉండగా ఐదు నుంచి ఆరుకి మారుస్తున్నారు. క్లచ్ తొక్కారు. బండి వేగం ఆ క్షణంలో పెద్దగా మారదు. అదే వేగానికి ఆరో గేర్లో ఇంజిన్ వైపు షాఫ్టు 2000ని 1.4తో భాగిస్తే వచ్చే వేగంతో, అంటే దాదాపు 1430తో తిరగాలి. 570 తగ్గాలి. వెనక్కి వచ్చేటప్పుడు దీనికి తిరగేసి. ఆరో గేర్లో 1400 మీద ఉండి ఐదుకి దించితే షాఫ్టు 1960కి పెరగాలి. ఈ తగ్గించే పని, పెంచే పని సింక్రో రింగుది. మన షెడ్లలో ఇత్తడి రింగు అంటాం. గేరు పక్కన గరాటులా వాలుగా ఉండే కోన్ మీద ఇది రుద్దుకుని, ఆ రాపిడితో వేగాలు కలుపుతుంది. కలిసేదాకా స్లీవ్‌ని ముందుకు పోనివ్వదు. కలిసిన మరుక్షణం దారి వదులుతుంది.

సింక్రో గేర్ బాక్సు కార్లలోకి మొదట 1928లో వచ్చింది, అమెరికాలో క్యాడిలాక్ వాళ్లు తెచ్చారు. లారీల్లోకి రావడానికి చాలా కాలం పట్టింది. మా మేస్త్రి నాకు పని నేర్పే రోజుల్లో సింక్రో లేని పాత లారీలు ఇంకా షెడ్డుకి వస్తుండేవి. ఆ బండ్ల డ్రైవర్లు డబుల్ క్లచ్ వేసేవాళ్లు. క్లచ్ తొక్కి న్యూట్రల్, క్లచ్ వదిలి ఇంజిన్ వేగం సరిచేసి, మళ్లీ తొక్కి గేరు. రింగు చేసే పని వాళ్ల చెవీ కాలూ చేసేవి. వాళ్ల పక్కన కూర్చుని ప్రయాణం చేస్తే గేరు మారినట్టే తెలిసేది కాదు. ఆ పనితనం మీద నాకు ఇప్పటికీ గౌరవం.

ఇప్పుడు అసలు విషయం. రింగు ఎంత బరువును ఆపగలదు? క్లచ్ సరిగ్గా విడిపోతే రింగు ఆపాల్సింది క్లచ్ ప్లేటును, ఇన్‌పుట్ షాఫ్టును, అంటే ఇంజిన్ వైపు షాఫ్టును, అది తిప్పే కౌంటర్ షాఫ్టును, వాటితో తిరిగే గేర్లను. అంతవరకు దానికి శక్తి ఉంది. క్లచ్ పూర్తిగా విడవకుండా కొంచెం పట్టుకునే ఉంటే ఇంజిన్ ఆ షాఫ్టును ఇంకా తిప్పుతూనే ఉంటుంది. అంత చిన్న ఇత్తడి రింగు ఫ్లైవీల్‌తో, అంటే ఇంజిన్ చివర తిరిగే బరువైన చక్రంతో, మొత్తం ఇంజిన్‌తో కుస్తీ పట్టాలి. ఎలా పడుతుంది? కాలిపోతుంది, అరిగిపోతుంది. కొత్తది వేస్తే అదీ అరిగిపోతుంది. ఆ టిప్పర్‌లో జరిగింది అదే. దీన్ని క్లచ్ డ్రాగ్ అంటారు.

సరే, పరీక్షకి వద్దాం. బండిని చదునుగా ఉన్న చోట పెట్టండి. హ్యాండ్ బ్రేక్ వేయండి, చక్రాలకు ముందూ వెనకా చెక్కలు పెట్టండి, బండికి ముందూ వెనకా మనిషి ఉండకూడదు. ఎయిర్ ట్యాంకుల్లో ప్రెజర్ నిండనివ్వండి. ఇంజిన్ వేడెక్కి ఐడ్లింగ్‌లో ఉండాలి. న్యూట్రల్‌లో ఉంచి క్లచ్ పూర్తిగా తొక్కి, నిదానంగా పది లెక్కపెట్టి రివర్స్ వేయండి. రివర్సే ఎందుకంటే, చాలా గేర్ బాక్సుల్లో రివర్స్‌కి సింక్రో ఉండదు. బండి ఆగి ఉన్నప్పుడు వేసే గేరు కదా అని పెట్టరు. కప్పిపుచ్చే రింగు లేదు గనక రివర్స్ అబద్ధం చెప్పదు. క్లచ్ సరిగ్గా విడిపోతే ఆ పది సెకన్లలో షాఫ్టు ఆయిల్ రాపిడికే ఆగిపోతుంది, గేరు మెత్తగా పడుతుంది. పది లెక్కపెట్టాక కూడా గర్రుమంటే క్లచ్ విడవడం లేదని తేలిపోయినట్టే. గేర్ బాక్సు మీద చేయి వేయకండి.

తొక్కిన వెంటనే వేస్తే గర్రుమని, ఆగి వేస్తే పడుతోందంటే అది జబ్బు కాదు. షాఫ్టు ఆగడానికి రెండు మూడు సెకన్లు పడుతుంది, డ్రైవర్ తొందర పడుతున్నాడు, అంతే. ఈ ఒక్క మాట చెప్పి నేను వెనక్కి పంపిన బండ్లు ఎన్నో ఉన్నాయి.

తర్వాత ఇంజిన్ ఆపేసి అన్ని గేర్లూ ఒక్కొక్కటి వేసి చూడండి. ఒక్కోసారి పన్నుకి పన్ను ఎదురొచ్చి ఆగుతుంది, అది మామూలే, కొంచెం కదిలిస్తే పడుతుంది. అలా కాకుండా ఇంజిన్ ఆపినా గేరు గట్టిగా ఉంటే, సగంలో ఆగితే లింకేజీ, అంటే లివర్‌ని గేర్ బాక్సుతో కలిపే భాగాలు, చూడాలి. రాడ్ల బుష్‌లు అరిగి ఉంటాయి, కేబుల్ ఉన్న బండ్లయితే కేబుల్ లోపల తుప్పు పట్టి ఉంటుంది, టాప్ కవర్లో స్లీవ్‌ని జరిపే ఫోర్కు వంగి ఉంటుంది. లివర్ పూర్తిగా వెళ్లినట్టు మనకు చేతికి తెలుస్తుంది, లోపల స్లీవ్ మాత్రం పూర్తిగా జరగదు. అలాంటి బండ్లు గర్రుమనడమే కాదు, లోడు మీద గేరు తనంతట తానే న్యూట్రల్లోకి జారిపోతుంది కూడా.

ఇక క్లచ్ తేలిందనుకోండి. అప్పుడు కూడా వెంటనే ప్లేటు మార్చేయకండి. పైనుంచి కిందికి రండి. ముందు పెడల్ కింద ఏముందో చూడండి, సంచి సంగతి చెప్పాను కదా. తర్వాత పెడల్‌ని రెండు మూడుసార్లు గబగబా కొట్టి గేరు వేయండి. అలా కొడితే మెత్తగా పడుతోందంటే హైడ్రాలిక్ లైన్లో ఎయిర్ ఉంది, లేదా పెడల్ దగ్గరి మాస్టర్ సిలిండర్లో రబ్బరు కప్పు పోయింది. క్లచ్ తొక్కిపట్టి ఉంచితే మొదట బాగుండి, కాసేపటికి బండి మెల్లగా పాకుతోందంటే కప్పుల్లోంచి ఫ్లూయిడ్ వెనక్కి జారుతోంది. ఒకరు పైన పెడల్ తొక్కుతుంటే ఇంకొకరు కింద స్టీల్ స్కేలు పట్టుకుని బూస్టర్ రాడ్ ఎంత జరుగుతోందో కొలవండి. ఎంత జరగాలో ఆ మోడల్ పుస్తకంలో ఉంటుంది. తక్కువ జరిగితే లోపం పైన ఉంది, బూస్టర్లోనో మాస్టర్లోనో. సరిగ్గా జరిగినా గర్రుమంటే లోపం బెల్ హౌసింగ్ లోపల, అంటే క్లచ్‌ను కప్పి ఉంచే గూడు లోపల ఉంది. ఈ ఒక్క కొలతతో సగం టెన్షన్ పోతుంది. బండి ఎక్కడ విప్పాలో, ఎక్కడ విప్పక్కర్లేదో అదే చెబుతుంది.

ఫ్లూయిడ్ గురించి ఒక్క మాట. క్లచ్ డబ్బాలో పోసేది బ్రేక్ ఫ్లూయిడే, కంపెనీ చెప్పిన డాట్ 3 గానీ డాట్ 4 గానీ. దారిలో దొరకలేదని ఇంజిన్ ఆయిల్ పోసిన బండ్లు నేను చూశాను. రబ్బరు కప్పులు ఉబ్బిపోయి, పెడల్ తిరిగి పైకి రాదు. అప్పుడు మాస్టర్, బూస్టర్, పైపులు అన్నీ విప్పి కడగాలి. వంద రూపాయలు మిగుల్చుకోబోతే వేలు పోతాయి.

లోపలికి వెళ్లాల్సి వస్తే ఏం చూడాలి? ప్లేటు హబ్బు షాఫ్టు మీద స్వేచ్ఛగా జారుతోందా, లేక స్ప్లైన్ల మీద, అంటే షాఫ్టు మీద నిలువుగా ఉండే గాడుల మీద, తుప్పు పట్టి పట్టేసిందా. క్లచ్ ప్లేటును ఫ్లైవీల్‌కి నొక్కిపట్టే ప్రెజర్ ప్లేటు ఫింగర్లు అన్నీ ఒకే ఎత్తులో ఉన్నాయా. ప్లేటు వంగిందా. ఫ్లైవీల్ మధ్యలో ఉండే పైలట్ బేరింగును తప్పకుండా వేలితో తిప్పి చూడండి. అది పట్టేస్తే క్లచ్ ఎంత బాగా విడిపోయినా ప్రయోజనం లేదు, ఫ్లైవీల్ ఆ బేరింగు ద్వారానే షాఫ్టును తిప్పేస్తుంది. క్లచ్ పని చేసినప్పుడల్లా నేను ఆ బేరింగు కొత్తది వేస్తాను. దాని ఖరీదు, మళ్లీ గేర్ బాక్సు దించే కూలీలో పదో వంతు కూడా ఉండదు. స్ప్లైన్లకు గ్రీజు పల్చగా పూత పూసినట్టు రాయాలి. ముద్దలు పెడితే తిరిగేటప్పుడు చిమ్మి లైనింగ్ మీద పడుతుంది.

ఇక్కడ మెకానిక్‌లకు ఒక విన్నపం. గేర్ బాక్సు రెండు మూడు వందల కిలోల బరువు. ఎక్కించేటప్పుడు షాఫ్టు ప్లేటులో దూరింది కదా అని, జాకీ దించేసి బోల్టులు వెతుక్కోవడానికి వెళ్తాం. ఆ రెండు నిమిషాలు గేర్ బాక్సు బరువంతా క్లచ్ ప్లేటు హబ్బు మీద వేలాడుతుంది. ప్లేటు కంటికి తెలియనంతగా వంగుతుంది. కొత్త ప్లేటు, కొత్త రింగులు, బండి స్టార్ట్ చేస్తే మళ్లీ గర్రుమంటుంది. మా మేస్త్రి దగ్గర నేను తిన్న పెద్ద చివాట్లు దీని గురించే. నాలుగు బోల్టులు బిగిసేదాకా జాకీ కదపకూడదని ఆ రోజు నేర్చుకున్నాను. ఇప్పుడు నా షెడ్డులో పిల్లలకు మొదటి వారమే చెబుతాను. అలాగే ప్లేటు మీద ఫ్లైవీల్ సైడ్ అని ముద్ర ఉంటుంది, తిరగేసి వేస్తే హబ్బు ఫ్లైవీల్ బోల్టులకు తగులుతుంది. అదీ డ్రాగే.

క్లచ్ బాగుంది, లింకేజీ బాగుంది. ఆగి ఉన్నప్పుడు అన్ని గేర్లూ మెత్తగా పడుతున్నాయి. నడుస్తున్నప్పుడు మూడో గేరు ఒక్కటే గర్రుమంటోంది. అప్పుడు గేర్ బాక్సు దించాలి. ఒక్క గేరుకే వస్తే ఆ గేరు రింగు, స్లీవ్, డాగ్ పళ్లు. అన్ని గేర్లకీ వస్తే రింగులన్నీ ఒకేసారి చచ్చిపోవు కదా, ముందు ఆయిల్ గురించి అడగండి.

ఈ ఆయిల్ విషయం నాకు మనసుకు కష్టంగా ఉంటుంది, ఎందుకంటే పూర్తిగా తప్పించగల నష్టం ఇది. వెనక హౌసింగులో, అంటే వెనక ఇరుసు మధ్య, చక్రాలను తిప్పే క్రౌన్, పినియన్ గేర్లకి పోసే ఆయిల్ వేరు, గేర్ బాక్సుకి పోసేది వేరు. హౌసింగుకి జీఎల్-5 రకం కావాలి, జీఎల్ అంటే గేరు ఆయిల్ గ్రేడు. క్రౌన్, పినియన్ పళ్లు ఒకదాని మీద ఒకటి బాగా జారుతూ, నొక్కుతూ తిరుగుతాయి, అందుకని అందులో గంధకం, భాస్వరం కలిసిన మందులు ఎక్కువ వేస్తారు. ఇత్తడి రింగులున్న గేర్ బాక్సుకి ఎక్కువగా జీఎల్-4 చెబుతారు. జీఎల్-5లో కొన్ని రకాలు ఇత్తడిని మెల్లగా తినేస్తాయి. పైగా రింగు కోన్ మీద పట్టుకోవాల్సిన చోట జారుడు పెంచుతాయి. రింగు బతికేదే రాపిడి మీద. ఒకే డబ్బాలోంచి రెండింటికీ పోసే షెడ్లు ఉన్నాయి. చిక్కగా ఉంటే శబ్దం తగ్గుతుందని 140 ఆయిల్ గేర్ బాక్సులో పోసేవాళ్లూ ఉన్నారు. రింగు మీద ఉండే సన్నని గాడులు ఆయిల్ పొరను కోసి పక్కకి నెట్టాలి, అప్పుడే లోహానికి లోహం తగులుతుంది. ఆయిల్ చిక్కనైతే గాడులు దాన్ని కోయలేవు. చలికాలం పొద్దున్నే లంబసింగి వైపు బండి స్టార్ట్ చేసి మొదటి కిలోమీటరు గర్రుమని, వేడెక్కాక మానేస్తే అనుమానం ఆయిల్ మీదికే పోవాలి. ఏ ఆయిల్ పోయాలన్న దానికి నా మాట కూడా వినకండి. ఆ గేర్ బాక్సు కంపెనీ పుస్తకంలో ఏముందో అదే పోయండి.

ఎంత పోయాలన్నదీ ముఖ్యమే. చదును నేల మీద ఫిల్లర్ ప్లగ్గు అంచుకి రావాలి, ఆపేయాలి. ఎక్కువైతే నురగ కడుతుంది, వేడెక్కుతుంది, సీలు దాటి బెల్ హౌసింగులోకి వస్తుంది. పైన బ్రీదర్ అని చిన్న మూత ఉంటుంది, మట్టితో మూసుకుపోతే లోపల ప్రెజర్ పెరిగి ఆయిల్ సీల్లోంచే బయటపడుతుంది. కంకర, ఇసుక తోలే బండ్లలో ఇది ఎక్కువ. ఆయిల్ క్లచ్ ప్లేటు మీద పడితే ప్లేటు ఒకసారి జారుతుంది, ఒకసారి అంటుకుంటుంది. మట్టి అంటిన ఆ చిన్న మూతని గుడ్డతో తుడిచి ఉంటే క్లచ్ మిగిలేది.

ఆయిల్ దించినప్పుడు శుభ్రమైన ట్రేలోకి దించండి. ప్లగ్గుకి ఉన్న అయస్కాంతాన్ని తెల్ల గుడ్డతో తుడిచి వెలుతుర్లో పట్టుకోండి. బూడిదలాంటి నల్లటి ముద్ద ఉంటే మామూలు అరుగుదల. ఆయిల్లో బంగారం రజనులా మెరిస్తే అది ఇత్తడి, రింగులది. ఇత్తడి అయస్కాంతానికి అంటదు, అందుకే ట్రే అడుగున చూడాలి. కొద్దిగా మెరుపు ఉంటే కంగారు పడక్కర్లేదు, ఆయిలంతా మెరుస్తుంటే రింగులు అయిపోయాయి. సూదుల్లా, రేకుల్లా స్టీలు ముక్కలు ఉంటే బేరింగు. అంచులున్న ముక్క దొరికితే పన్ను విరిగింది, ఇక బండి స్టార్ట్ చేయకండి.

ఇదిగో, ఈ రెండు రింగులు చూడండి. ఇది కొత్తది, ఇది ఒక లారీలోంచి తీసింది. కొత్తదాని లోపలి అంచు మీద సన్నని గాడులు, మరలాగా, గోరు పెట్టి గీస్తే కిరకిరమంటాయి. పాతదాంట్లో ఆ గాడులు చదునైపోయాయి, అద్దంలా నున్నగా ఉంది. కొత్త రింగును కోన్ మీద పెట్టి బొటనవేళ్లతో నొక్కి తిప్పితే గట్టిగా పట్టుకుంటుంది. పాతది జారిపోతుంది. ఇంకా ఒకటి చూడండి, పాత రింగు కోన్ మీద లోతుగా దిగిపోయింది. రింగు ముఖానికీ గేరు డాగ్ పళ్లకీ మధ్య ఉండాల్సిన సందు దాదాపు లేదు. ఆ సందును ఫీలర్ గేజ్‌తో మూడు చోట్ల కొలవాలి. పుస్తకంలో ఇచ్చిన హద్దు కంటే తగ్గితే రింగు తీసేయాలి. సందు పూర్తిగా పోతే రింగు గేరుకే తగిలి ఆగిపోతుంది, కోన్‌ని పట్టుకోదు, ఉన్నా లేనట్టే.

రింగు ఒక్కటే మార్చి మూత బిగించకండి. స్లీవ్ పళ్లనీ గేరు డాగ్ పళ్లనీ పక్కపక్కన పెట్టి చూడండి. మొనలు ఇంటి కప్పులా వాలుగా, పదునుగా ఉండాలి. గర్రుమనిపించుకున్న పళ్లు అరిగి గుండ్రంగా అయిపోతాయి. గుండ్రటి మొనల మీదికి కొత్త రింగు వేసినా గేరు తడబడుతుంది, కొద్ది నెలల్లో అదే బండి మళ్లీ మీ షెడ్డు ముందు ఉంటుంది. ఓనర్‌కి ఖర్చు ఎక్కువని తెలుసు. ఆ పళ్లను ఆయన చేతిలో పెట్టి చూపించండి. చూసిన ఏ ఓనరూ నాతో వాదించలేదు. స్లీవ్ లోపలి చిన్న కీ ముక్కలు, వాటి స్ప్రింగులు, ఫోర్కు ప్యాడ్లు కూడా అప్పుడే చూడాలి. ఫోర్కు ప్యాడ్లు ఒక్కవైపే అరిగితే ఆ డ్రైవర్ లివర్ మీద చేయి వేసుకుని తోలుతున్నాడేమో అడగండి. చేతి బరువు రోజంతా ఫోర్కు మీద పడుతుంది. అన్నలారా, చేయి స్టీరింగు మీద పెట్టండి.

ఫిట్టింగులో నేను పట్టుబట్టేవి కొన్ని ఉన్నాయి. చూడటానికి ఒకేలా ఉన్నా ఏ రింగు ఏ గేరుదో ఆ గేరుతోనే పెట్టాలి, దించేటప్పుడే విడివిడి ట్రేల్లో పెట్టి చీటీ కట్టండి. కొత్త రింగును వేసేముందు ఆయిల్లో ముంచండి, పొడిగా వేస్తే మొదటి పది షిఫ్టుల్లోనే గీతలు పడతాయి. బేరింగు లోపలి రేసును వేడి చేసి వేయండి, నూరు డిగ్రీల దగ్గర చక్కగా జారి కూర్చుంటుంది. సుత్తితో కొట్టిన బేరింగు ఆ రోజు తిరుగుతుంది, లోడు మీద ఏడుస్తుంది. షాఫ్టుల ఎండ్ ప్లే, అంటే ముందుకూ వెనక్కీ ఉండే కదలిక, డయల్ గేజ్‌తో చూసి షిమ్ములు, అంటే దాన్ని సర్దే సన్నని రేకులు, వేయండి. షాఫ్టు ముందుకూ వెనక్కీ ఊగుతుంటే ఎంత మంచి రింగైనా సరిగ్గా కలవదు.

అమెరికాలో లారీలు తోలే మనవాళ్లు ఎవరైనా ఇది వింటే వాళ్లకు ఒక హెచ్చరిక. అక్కడి పెద్ద ట్రక్కుల్లో సింక్రో లేని ఫుల్లర్ గేర్ బాక్సులు చాలా ఉన్నాయి. వాటికి క్లచ్ బ్రేక్ అని ఒకటి ఉంటుంది, పెడల్ చివరి అంగుళంలో అది ఇన్‌పుట్ షాఫ్టును పట్టి ఆపుతుంది. బండి ఆగి ఉన్నప్పుడు మొదటి గేరుకో రివర్స్‌కో మాత్రమే నేలదాకా తొక్కాలి. నడుస్తున్నప్పుడు అలా తొక్కితే క్లచ్ బ్రేక్ పోతుంది. నేను ఇంతసేపు పూర్తిగా తొక్కండి అని చెప్పింది మన సింక్రో బండ్లకి.

ఎవరో చేయి ఎత్తారు. చెప్పన్నా. న్యూట్రల్లో ఉన్నప్పుడు శబ్దం, క్లచ్ తొక్కితే పోతోంది అంటున్నారు. అది గర్రుమనడం కాదు, వేరే జబ్బు. న్యూట్రల్లో క్లచ్ వదిలి ఉంటే ఇన్‌పుట్ షాఫ్టు, కౌంటర్ షాఫ్టు తిరుగుతాయి, తొక్కితే ఆగుతాయి. అంటే ఆ షాఫ్టుల బేరింగుల్లో ఒకటి అరిగింది. దీనికి తిరగేసి, తొక్కినప్పుడే శబ్దం వస్తే, క్లచ్ ఫింగర్లను నొక్కే రిలీజ్ బేరింగుని గానీ పైలట్ బేరింగుని గానీ అనుమానించండి. మీ బండికి ఆయిల్ దించి చూడటం ఆలస్యం చేయకండి, బేరింగు ముక్కలు పళ్ల మధ్య పడితే మొత్తం సెట్టు పోతుంది.

ఘాట్ గురించి అడుగుతున్నారు వెనక నుంచి. శ్రీశైలం ఘాట్ గానీ మారేడుమిల్లి ఘాట్ గానీ, దిగేముందే గేరు దించుకుని దిగండి. సగం దిగాక బండి వేగం పెరిగిపోయి, అప్పుడు మూడుకి లాగితే రింగు షాఫ్టును ఎంతో వేగానికి ఎక్కించాలి, దాని వల్ల కాదు, గర్రుమంటుంది, గేరు పడదు. బండి న్యూట్రల్లో ఉండిపోతుంది. ఇంజిన్ పట్టు లేకుండా లోడు బండి వాలులో ఉంటే ఏమవుతుందో మీకు నేను చెప్పక్కర్లేదు. డీజిల్ మిగులుతుందని న్యూట్రల్లో దిగేవాళ్లు ఇంకా ఉన్నారు. దయచేసి మానండి. గేర్ బాక్సు పోతే నేను బాగుచేస్తాను. మనిషి పోతే నేనేం చేయగలను?

ఆ తమ్ముడు మంచి ప్రశ్న అడిగాడు. క్లచ్ పెడలే లేని ఆటోమేటెడ్ గేర్ బాక్సులు వచ్చేస్తున్నాయి, ఇదంతా నేర్చుకోవడం ఎందుకని. వాటి మూత తీస్తే లోపల ఇవే షాఫ్టులు, ఇవే స్లీవ్‌లు, ఇవే డాగ్ పళ్లు, ముందు ఇదే క్లచ్ ప్లేటు. లివర్ తోసే చేతి బదులు, పెడల్ తొక్కే కాలి బదులు యాక్చుయేటర్లు ఉంటాయి. వేగాలు కలిపే పని కొంత కంప్యూటర్ చేస్తుంది. క్లచ్ మార్చాక స్కానర్ పెట్టి అది ఎక్కడ పట్టుకుంటోందో బండికి నేర్పించాలి, అది నేర్చుకో. కానీ ఆ బండి కూడా క్లచ్ విడవకపోతే గర్రుమంటుంది, లేదా గేరు వేయనని లైటు వెలిగిస్తుంది. ఏ పన్ను దేన్ని కొడుతోందో తెలిసినవాడికి స్కానర్ చెప్పేది అర్థమవుతుంది.

టైమ్ అయిపోయింది, టీ వచ్చింది. ఈ రెండు రింగులూ, ఆ కోనూ ఇక్కడే టేబుల్ మీద పెడుతున్నాను. ఒక్కొక్కరే రండి. కళ్లు మూసుకుని రెండింటినీ వేలితో తడిమి, ఏది పాతదో చెప్పండి. తర్వాత కోన్ మీద పెట్టి నొక్కి తిప్పండి. కొత్తదాని అంచు పదును, వేలు జాగ్రత్త.